ఆల్జీబ్రా ప్రొఫెసర్ రీసెర్చ్ ప్రొఫైల్: మూడు చోట్ల మూడు సైటేషన్ లెక్కలు, కమిటీకి ఏది రాయాలి?

ప్రశ్న: తార్నాక_డెస్క్

హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీ గణిత విభాగం కోసం అడుగుతున్నాను. ఒక ఆల్జీబ్రా ప్రొఫెసర్ గారి రీసెర్చ్ మీద బయటి కమిటీకి రెండు పేజీల నోట్ వెళ్లాలి. ఆయన పని ఎక్కువగా కమ్యుటేటివ్ రింగుల మీద, కొంత లాటిస్‌ల మీద (రెండూ ఆల్జీబ్రాలోని నిర్మాణాలు). మొదటి పేపర్ 2004లో వచ్చింది. అంకెలు తీద్దామని కూర్చుంటే లెక్క ఒక్కచోటా కలవడం లేదు.

గూగుల్ స్కాలర్‌లో 27 పేపర్లు, 151 సైటేషన్లు (వేరే పేపర్లు ఈయన పేపర్లని ఉటంకించిన లెక్క), హెచ్-ఇండెక్స్ (ఆ సైటేషన్ల నుంచే తీసే కొలత) 7. స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్‌లో ఆయన పేరుతో రెండు ప్రొఫైళ్లు: ఒకదాంట్లో 14 పేపర్లు, 58 సైటేషన్లు, రెండోదాంట్లో 3 పేపర్లు, 6 సైటేషన్లు. మ్యాథ్‌సైనెట్‌లో 18 పేపర్లు, 37 సైటేషన్లు.

కమిటీ ఛైర్మన్ కెమిస్ట్రీ ఆయన. మిగతావాళ్లలో ఇద్దరు ఇంజినీరింగ్. "ఇరవై ఏళ్ల సర్వీసుకి హెచ్-ఇండెక్స్ ఇంతేనా?" అన్న ప్రశ్న ఖాయంగా వస్తుంది. ఇంకో చిక్కు: పేపర్లు చాలావరకు జాయింట్ పేపర్లు, పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. సార్ ఇంటిపేరు ఇంగ్లిష్ అక్షరమాలలో చివర 'వై'తో మొదలవుతుంది. స్కోర్‌షీట్‌లో 'ఫస్ట్ ఆథర్' గడి దాదాపు ఖాళీగా పోతోంది.

ఏ అంకె రాయాలి? మిగతా రెండింటినీ దాచినట్టు కనిపించకుండా ఎలా రాయాలి?

జవాబు: రింగురోడ్డు

ఏ అంకె రాయాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ 27లో ఆయనవి ఎన్నో తేలాలి. నన్నడిగితే మ్యాథ్‌సైనెట్ చెప్పే 18 దగ్గర మొదలుపెట్టండి. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 1940 నుంచి నడుపుతున్న మ్యాథమెటికల్ రివ్యూస్‌కి అది ఆన్‌లైన్ రూపం. ఏ పేపర్ ఏ రచయితదన్నది అక్కడ సిబ్బంది చూసి తేలుస్తారు. స్కాలర్‌లో ఆ పని మొత్తం యంత్రానిదే.

యంత్రం బోల్తా పడేది సరిగ్గా మన పేర్ల దగ్గరే. వెంకటేశ్వరరావు అన్న పేరు ఒక జర్నల్‌లో ఒకే పదం, ఇంకోదాంట్లో రెండు పదాలు, మూడోదాంట్లో 'రావు' ఇంటిపేరైపోయి 'వి' ఇనిషియల్‌గా మిగులుతుంది. అసలు ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు నిలబడుతుంది. ఒకే ఊళ్లో ఒకే సబ్జెక్టులో ఉన్నవాళ్లయినా కలగాపులగం కావచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె.ఎల్.ఎన్. స్వామి, యు.ఎం. స్వామి ఇద్దరూ ఆల్జీబ్రా వాళ్లే, ఇద్దరూ లాటిస్‌ల మీద రాసినవాళ్లే. రిఫరెన్స్ లిస్టులో ఇనిషియల్ ఒకటి ఎగిరిపోతే ఒకరి పేపర్ ఇంకొకరి ఖాతాలో పడడానికి ఎంతసేపు?

స్కాలర్ ప్రొఫైల్ సార్ అకౌంట్‌లోంచే దిద్దాలి, మీ అకౌంట్‌లోంచి కుదరదు. ఒక అరగంట ఆయన పక్కన కూర్చోండి. ఆర్కైవ్ సైట్‌లో పెట్టిన ప్రీప్రింట్ (అచ్చుకి ముందటి ప్రతి), జర్నల్‌లో వచ్చిన పేపర్ రెండు వరుసలుగా కనిపిస్తుంటాయి, ఎందుకంటే టైటిల్‌లో ఒక మాట మారి ఉంటుంది. రెండింటికీ టిక్ పెట్టి 'మెర్జ్' నొక్కి, జర్నల్ వెర్షన్‌ని అసలుదిగా ఎంచుకోండి. వేరేవాళ్ల పేపర్లు డిలీట్ చేయండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరిపోకుండా, ముందు మెయిల్‌లో అడిగేలా మార్చండి. ఇది మరిచిపోతే ఆర్నెల్లలో మళ్లీ మొదటికొస్తుంది.

స్కోపస్‌లో రెండు ప్రొఫైళ్లు కలపమని ఆథర్ పేజీలోంచే రిక్వెస్ట్ పెట్టొచ్చు. వెంటనే అయ్యే పని కాదు, కాబట్టి ఈరోజే పెట్టండి. ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు సంఖ్య) లేకపోతే తీయించండి. 16 స్థానాలుంటాయి, చివరిది కొందరికి అంకె బదులు 'ఎక్స్' వస్తుంది, అది తప్పు కాదు. ఇకపై పేపర్ పంపే ప్రతిచోటా ఆ నంబర్ ఇస్తే పేరు ఎలా విరిగినా మనిషి మారడు.

ఇక మూడు లెక్కలు ఎందుకు కలవవంటే, ఒక్కొక్కరు లెక్కపెట్టే కుప్ప వేరు. స్కాలర్ నెట్‌లో కనిపించిన ప్రతిదాన్నీ లెక్కలో వేస్తుంది: థీసిస్, ప్రీప్రింట్, సెమినార్ నోట్స్, ఎవరూ చూడని జర్నల్. స్కోపస్ తన జాబితాలో ఉన్న జర్నళ్లు, పుస్తకాలు, కాన్ఫరెన్సుల వరకే. మ్యాథ్‌సైనెట్ ఇంకా ఇరుకు. ఎంపిక చేసిన గణిత జర్నళ్ల రిఫరెన్స్ లిస్టుల నుంచి, అదీ ప్రధానంగా 2000 తర్వాతవాటి నుంచే సైటేషన్లు తీసుకుంటుంది. అందుకే 37. మీ సార్ లాటిస్ పేపర్‌ని ఒక కంప్యూటర్ సైన్స్ కాన్ఫరెన్సులో వాడుకున్నారనుకోండి, స్కోపస్‌కి అది కనిపించవచ్చు, మ్యాథ్‌సైనెట్‌కి కనిపించకపోవచ్చు.

మూడూ రాయండి. ఒక్కో వాక్యం చాలు. పేపర్ల సంఖ్యకి మ్యాథ్‌సైనెట్, సైటేషన్లకి స్కోపస్, స్కాలర్ కేవలం పోలికకి. క్యాంపస్ బయట మ్యాథ్‌సైనెట్ తెరుచుకోకపోతే అలాంటిదే జెడ్‌బీమ్యాథ్ ఓపెన్ చూడండి, 2021 నుంచి అందరికీ ఉచితం.

జవాబు: స్కోర్‌షీట్

ఆథర్ క్రమం సంగతి నేను చెప్తాను, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

యూజీసీ 2018 నిబంధనల టేబుల్ 2 ప్రకారం సైన్స్ వాళ్లకి పేపర్‌కి 8 పాయింట్లు. దానికి జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని (ఆ జర్నల్ పేపర్లకి సగటున పడే సైటేషన్లని) బట్టి అదనం: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని రిఫరీడ్ జర్నల్ అయితే 5, ఒకటి లోపు ఉంటే 10, ఒకటి నుంచి రెండు మధ్య 15, రెండు నుంచి ఐదు మధ్య 20, అలా 30 దాకా. ఆల్జీబ్రా ప్రధాన జర్నళ్లు జర్నల్ ఆఫ్ ఆల్జీబ్రా, కమ్యూనికేషన్స్ ఇన్ ఆల్జీబ్రా లాంటివి ఒకటి లోపే తిరుగుతుంటాయి. అంటే పేపర్‌కి 18.

ఇప్పుడు పంపకం. ఇద్దరు రచయితలైతే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే చెరో 12.6. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న ప్రశ్నే లేదు. మీ స్కోర్‌షీట్‌లో ఇద్దరు రాసిన పేపర్లకి కూడా ఎవరైనా 'ఫస్ట్ ఆథర్' గడి చూసి కోత పెడుతుంటే అది తప్పు, ముందు అది సరిచేయించండి. ముగ్గురు, ఆపైన ఉంటేనే తేడా: ఫస్ట్, ప్రిన్సిపల్ లేదా కరస్పాండింగ్ ఆథర్‌కి (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయితకి) 70 శాతం, మిగతావాళ్లకి తలా 30 శాతం. అదే 18 పాయింట్ల పేపర్‌లో ఒకరికి 12.6, మిగిలిన ఇద్దరికీ 5.4 చొప్పున. 'వై' అక్షరం వాళ్లకి దెబ్బ ఇక్కడే.

నిబంధనలో 'ఫస్ట్' ఒక్కటే లేదు, 'కరస్పాండింగ్' అన్న మాట కూడా ఉంది. ముగ్గురు రాసిన ప్రతి పేపర్ మొదటి పేజీ అడుగున చూడండి, సార్ మెయిల్ ఐడీ పక్కన కరస్పాండింగ్ గుర్తు ఉందేమో. ఉంటే ఆ పేజీ ప్రింట్ జత చేయండి. లేకపోతే, శుద్ధ గణితంలో పేర్లు అక్షరక్రమంలో రాయడం రివాజని అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 2004లో ఒక అధికారిక ప్రకటన ఇచ్చింది, అది జత చేయండి. కో-ఆథర్ల నుంచి 'పని సమానంగా చేశాం' అని ఒక లైను మెయిల్ తీసుకుంటే ఇంకా మంచిది. కెమిస్ట్రీ ఛైర్మన్ దృష్టిలో చివరి పేరంటే ల్యాబ్ పెద్ద. మనకి చివరి పేరంటే 'వై' మాత్రమే. ఈ ముక్క నోట్ మొదటి పేజీలోనే పడాలి. అనుబంధంలో పెడితే ఎవరూ చదవరు.

ఒక సూక్ష్మం. 2023లో వచ్చిన రిపోర్టు నుంచి ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ప్రకటించే క్లారివేట్ సంస్థ వాటిని దశాంశం తర్వాత ఒక్క అంకెకే ఇస్తోంది. అంతకుముందు మూడంకెలు ఉండేవి. 0.96 ఉండాల్సింది 1.0 అని కనిపిస్తుంది. అది 'ఒకటి లోపు' వరుసా, 'ఒకటి నుంచి రెండు' వరుసా అని స్క్రూటినీలో పేచీ వస్తుంది. పేచీ వచ్చే పేపర్లకి ఏ సంవత్సరపు రిపోర్టు నుంచి తీశారో పక్కనే రాయండి. నిబంధనలో 'థామ్సన్ రాయిటర్స్ లిస్టు' అని ఉంటుంది, ఆ వ్యాపారం 2016లో క్లారివేట్‌ అయింది. రెండూ ఒకటే అని ఒక ఫుట్‌నోట్ పెట్టండి. నెట్‌లో రకరకాల పేర్లతో దొరికే 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు' దీనికి చెల్లవు.

యూజీసీ గుర్తించిన జర్నళ్ల యూజీసీ-కేర్ జాబితాని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. పాత పేపర్లకి ఆ జాబితా ఆధారం చూపించాలంటే పేపర్ వచ్చిన నాటి పేజీ ప్రింట్ కావాలి.

ప్రశ్న అడిగినవారు: తార్నాక_డెస్క్

చాలా థాంక్సండీ. సార్‌తో కూర్చుని స్కాలర్ శుభ్రం చేశాం. 27లో ఏడు డూప్లికేట్లు, రెండు ఇంకెవరివో. ఆ రెండింటికీ 8, 7 సైటేషన్లు ఉన్నాయి, పోయాయి; డూప్లికేట్లు కలిపాక రెండుసార్లు లెక్కలో పడ్డవి రెండు కూడా. ఇప్పుడు 18 పేపర్లు, 134 సైటేషన్లు. పేపర్ల వారీగా: 41, 23, 17, 12, 9, 8, 6, 5, 4, 3, 2, 2, 1, 1, ఆ తర్వాత నాలుగు సున్నాలు. హెచ్-ఇండెక్స్ 7 నుంచి 6కి పడింది!

స్కోపస్ రెండు ప్రొఫైళ్లూ కలిపితే 17 పేపర్లు, 64 సైటేషన్లు. సార్ సొంత సైటేషన్లు తీసేస్తే 53, కో-ఆథర్లవి కూడా తీసేస్తే 47. ఆ 41 ఉన్నది జీరో-డివైజర్ గ్రాఫుల మీద 2009 నాటి పేపర్. 5 మాత్రమే ఉన్నది జర్నల్ ఆఫ్ ఆల్జీబ్రాలో వచ్చిన పెద్ద పేపర్. సార్ మాత్రం తన పనిలో అదే గట్టిదంటారు.

జవాబు: డర్ఫీ_చదరం

6కి పడిందని కంగారు వద్దు. 134కి 6 రావడమే సహజం, దానికి లెక్క ఉంది.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం ఆరేసి సైటేషన్లున్న పేపర్లు ఆరు ఉండి, ఏడేసి ఉన్నవి ఏడు లేకపోతే విలువ 6. మీ లిస్టులో ఆరో పేపర్‌కి 8 ఉన్నాయి, ఏడోదానికి 6. కాబట్టి అక్కడ ఆగింది. పోయిన ఆ రెండు పేపర్లు 8, 7 తో మధ్యలో దూరడం వల్లే ఇంతకుముందు 7 చూపించింది.

ఇప్పుడు ఆల్జీబ్రా, కాంబినటోరిక్స్ వాళ్లకి నచ్చే సంగతి. ఒక్కో పేపర్ సైటేషన్లని ఒక్కో వరుసలో చుక్కలుగా పేర్చండి, పెద్దది పైన. మొదటి వరుసలో 41 చుక్కలు, రెండోదాంట్లో 23, అలా కిందికి. ఇది 134 అనే సంఖ్యకి ఒక పార్టిషన్, అంటే దాన్ని చిన్న సంఖ్యల మొత్తంగా విడగొట్టడం. పై ఎడమ మూల నుంచి పట్టే అతిపెద్ద చదరం భుజమే హెచ్-ఇండెక్స్. పార్టిషన్ల సిద్ధాంతంలో దాన్నే డర్ఫీ చదరం అంటారు. అలెగ్జాండర్ యాంగ్ 2014లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ నోటీసెస్‌లో దీన్ని పట్టుకుని ఒక అంచనా ఇచ్చారు: మొత్తం సైటేషన్ల వర్గమూలాన్ని 0.54తో గుణిస్తే హెచ్-ఇండెక్స్ దాదాపు వస్తుంది. 134 వర్గమూలం 11.58, గుణిస్తే 6.25. మీకు వచ్చింది 6. స్కోపస్ 64కి అయితే 4.3, మ్యాథ్‌సైనెట్ 37కి 3.3.

అంటే హెచ్-ఇండెక్స్ కొత్తగా చెప్పేది పెద్దగా ఏమీ లేదు. మొత్తం సైటేషన్లనే వర్గమూలం వేసి మళ్లీ చెప్తోంది. అది రెట్టింపు కావాలంటే సైటేషన్లు నాలుగు రెట్లు కావాలి. పైగా మీ 41ని 400 చేసినా హెచ్-ఇండెక్స్ 6 నుంచి కదలదు. కాబట్టి ఛైర్మన్ గారికి చెప్పాల్సింది 6 గురించి కాదు, 134 ఎందుకు 1,340 కాలేదన్నది.

కారణం మొదటిది: రిఫరెన్స్ లిస్టు పొడవు. ఒక రంగంలో పేపర్లకి వచ్చే సైటేషన్లన్నీ అదే రంగం పేపర్ల వెనక ఉండే లిస్టుల్లోంచే రావాలి. ఆల్జీబ్రా పేపర్ వెనక ఇరవై చుట్టుపక్కల రిఫరెన్సులుంటాయి, కెమిస్ట్రీలో దానికి ఎన్నో రెట్లు. పుట్టేదే తక్కువైతే పంచుకునేది ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఒక ఆల్జీబ్రా మనిషి ఏడాదికి ఒకటో రెండో పేపర్లు రాస్తే అదే మంచి జోరు.

రెండోది కాలం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2024 అంటే 2022, 2023లో వచ్చిన పేపర్లకి 2024లో పడ్డ సైటేషన్ల సగటు మాత్రమే. ఒక ఆల్జీబ్రా పేపర్ అచ్చయ్యాక, ఎవరో దాన్ని చదివి, దానిమీద సిద్ధాంతం నిరూపించి, పంపి, రిఫరీ దగ్గర ఏడాది ఆగి, అచ్చయ్యేసరికి ఆ కిటికీ మూసుకుపోతుంది. అంతర్జాతీయ గణిత సంఘం మరో రెండు సంస్థలతో కలిసి 2008లో ఇచ్చిన సైటేషన్ స్టాటిస్టిక్స్ నివేదిక ఇదే చెప్పింది: గణితంలో దాదాపు 90 శాతం సైటేషన్లు ఆ రెండేళ్ల కిటికీ బయటే పడతాయి. అందుకే మ్యాథ్‌సైనెట్ జర్నళ్లకి ఇచ్చే ఎంసీక్యూ (మ్యాథమెటికల్ సైటేషన్ కోషెంట్) అనే కొలత ఐదేళ్ల కిటికీతో లెక్కిస్తుంది. నోట్‌లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పక్కన ఎంసీక్యూ కూడా రాయండి. రెండు అంకెల తేడాని ఛైర్మన్ తానే చూస్తారు.

జి-ఇండెక్స్ (మొదటి 'జి' పేపర్ల మొత్తం సైటేషన్లు 'జి' వర్గానికి తగ్గకుండా ఉండే అతిపెద్ద 'జి') అడిగితే మీ లిస్టుకి 11. మొదటి 11 పేపర్ల మొత్తం 130, ఇది 121 కన్నా ఎక్కువ. మొదటి 12 మొత్తం 132, ఇది 144 కన్నా తక్కువ. ఐ10, అంటే కనీసం పదేసి సైటేషన్లున్న పేపర్లు, నాలుగు. ఇవి అడిగితేనే చెప్పండి, ముందే రాసి పేజీ నింపొద్దు.

జవాబు: శూన్యభాజకం

అందరూ బాగానే చెప్పిన్రు గానీ గా 41 దగ్గర జర ఆగాలె.

జీరో-డివైజర్ గ్రాఫ్ అంటే రింగులోని శూన్యభాజకాలని (సున్నా కాని ఇంకోదాంతోని గుణిస్తే సున్నా వచ్చేటివి) శీర్షాలుగా పెట్టి, రెండింటి లబ్ధం సున్నా అయితే గీత గీసుడు. బెక్ 1988ల మొదలుపెట్టిండు, అండర్సన్, లివింగ్‌స్టన్ 1999ల ఇప్పుడు వాడే రూపం ఇచ్చిన్రు. రెండూ జర్నల్ ఆఫ్ ఆల్జీబ్రాలనే. తర్వాత గ్రాఫుల వరద వచ్చింది. అనిహిలేటింగ్ ఐడియల్ గ్రాఫ్, టోటల్ గ్రాఫ్, ఇంకా బోలెడు. 2020 గణిత విషయ వర్గీకరణల దానికి 13ఏ70 అని సొంత కోడే ఇచ్చిన్రంటే చూస్కోండి. ఆ దిక్కు పేపర్‌కి సైటేషన్ తేలిగ్గ పడ్తది, ఎందుకంటే ప్రతి కొత్త పేపర్ మొదటి పేరాల పాతవన్నీ వరుసగ రాస్తరు. నోయిథీరియన్ రింగుల మీద లోతుగ రాసిన పేపర్‌కి గంత తేలిగ్గ పడది. పని తక్కువదని కాదు, మందలు వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఫీల్డ్ వెయిటెడ్ అని, రంగం సగటుతోని పోల్చి స్కోపస్ ఇచ్చే అంకె పెడ్దామనుకుంటరేమో. సగటు 1, దానికి మీద ఉంటె మంచిదంటరు. అయితే అది పేపర్ సబ్జెక్టుని చూడది, జర్నల్‌కి ఇచ్చిన కోడ్‌ని చూస్తది. ఆల్జీబ్రా, నంబర్ థియరీకి 2602. అదే పేపర్ అప్లైడ్ జర్నల్‌ల పడితే వేరే గుంపుతోని పోలుస్తది. పైగ పేపర్ వచ్చిన ఏడు, తర్వాత మూడేండ్లు, అంతే కిటికీ. సగటే చిన్నగున్న కాడ మూడు సైటేషన్లకే అంకె ఎగుర్తది, ఒకటి తగ్గితే కూలుతది. 17 పేపర్ల మీద ఆ సగటు నిలవది.

దానికన్న ఇట్ల చేయండి. జెడ్‌బీమ్యాథ్‌ల అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచి, పేపర్ ప్రైమరీ వర్గీకరణ కోడ్, అచ్చయిన సంవత్సరం ఇచ్చి, సైటేషన్ల వరుసల పెట్టండి. మీ సార్ పేపర్ ఎన్నోది వచ్చిందో లెక్కపెట్టి, "ఆ ఏడాది ఆ కోడ్ కింద ఇన్ని పేపర్లల ఇన్నోది" అని రాయండి. కెమిస్ట్రీ సార్‌కి కూడ తెలుస్తది. ఐదారు పేపర్లకి చేస్తె చాలు. 41 దాన్ని 13ఏ70 కిందనే వెతికితే దొరకదేమో. 2009ల ఆ కోడ్ లేదు, అప్పటి కోడ్‌తోని వెతకండి.

సొంత సైటేషన్లు 64ల 11 అంటె ఆరుల ఒకటి. దాచకుండ రాయండి. ముందు పేపర్‌ల నిరూపించిన లెమ్మాని (చిన్న ఫలితాన్ని) తర్వాత పేపర్‌ల వాడుకుంటె దాన్ని చెప్పక తప్పది కద. అనుమానం వచ్చేది ఎక్కడంటె, సైటేషన్లన్నీ ఒకటే జర్నల్ నుంచి, ఒకటే రెండేండ్లల, సంబంధం లేని టైటిళ్ల నుంచి పడితె. స్కోపస్‌ల 'సైటెడ్ బై' లిస్టు సీఎస్‌వీగ దించి ఎక్సెల్‌ల జర్నల్ పేరు, సంవత్సరం మీద పివట్ టేబుల్ వేయండి. రెండు నిమిషాల పని. గణితంల ఈ బెడద ఎంత ముదిరిందంటె, 2023ల క్లారివేట్ తన హైలీ సైటెడ్ పరిశోధకుల లిస్టు నుంచి మ్యాథ్స్‌నే తీసేసింది. చిన్న రంగం, అంకెలు తక్కువ, కొద్దిమంది కలిస్తె తారుమారు చేయొచ్చని.

జవాబు: పాత_సంచికలు

శూన్యభాజకం గారు చెప్పిన పివట్ టేబుల్ తర్వాత ఒక మెట్టు మిగిలింది: సైట్ చేసిన పేపర్లు తెరిచి చూడడం. 47 బయటి సైటేషన్లంటే ఒక మనిషికి రెండు రోజుల పని, అంతకుమించి కాదు.

ప్రతి పేపర్‌లో సార్ పేరు ఎక్కడ వస్తుందో వెతకండి. ఉపోద్ఘాతంలో పది పేర్ల వరుసలో ఒకటిగా వస్తే 'ప్రస్తావన'. నిర్వచనం తీసుకుంటే 'భావన'. నిరూపణ మధ్యలో "ఫలానా పేపర్ సిద్ధాంతం 3.4 ప్రకారం" అని వస్తే 'వాడకం'. మూడు నిలువు వరుసలు గీసి గుర్తులు పెట్టుకుంటూ పోండి. 5 సైటేషన్లున్న ఆ జర్నల్ ఆఫ్ ఆల్జీబ్రా పేపర్‌లో ఐదుకి నాలుగు 'వాడకం' అయ్యే అవకాశం ఉంది. 41 ఉన్నదాంట్లో ముప్పై దాకా 'ప్రస్తావన' కావచ్చు. సార్ మాట నిజమో కాదో అప్పుడు కాగితం మీద తేలుతుంది. వాడకాల్లోంచి ఒకటి రెండు ఎంచుకుని, ఎవరు, ఏ ఫలితాన్ని, దేన్ని నిరూపించడానికి వాడారో రెండు వాక్యాల్లో రాయండి. నోట్‌లో బరువైన భాగం అదే అవుతుంది.

మ్యాథ్‌సైనెట్ రివ్యూలు కూడా చదవండి. అయితే రివ్యూలో సారాంశం నుంచి తీసుకున్నట్టు ఉంటే అది సమీక్ష కాదు, రచయిత అబ్‌స్ట్రాక్టే. దాన్ని 'నిపుణుల అభిప్రాయం' అని కోట్ చేస్తే కమిటీలో ఒక్క గణితం మనిషి ఉన్నా పరువు పోతుంది. కింద సమీక్షకుడి పేరు ఉండి, ఫలితాన్ని తన మాటల్లో చెప్పినదే తీసుకోండి.

ఆల్జీబ్రాలో సైటేషన్లకి ఎంత ఓపిక కావాలో చూపించాలంటే మన దగ్గరే ఉదాహరణ ఉంది. రింగురోడ్డు గారు పేరెత్తిన కె.ఎల్.ఎన్. స్వామి 1965, 66లో మ్యాథమాటిషె అన్నాలెన్‌లో మూడు భాగాలుగా రాసిన పేపర్లు, డ్యూయల్లీ రెసిడ్యుయేటెడ్ లాటిస్ ఆర్డర్డ్ సెమీగ్రూపుల మీద. లాటిస్ ఆర్డర్డ్ గ్రూపులనీ బ్రౌవేరియన్ ఆల్జీబ్రాలనీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన నిర్మాణం అది. దాన్నే చెక్ దేశంలోని ఓలోమోత్స్‌లో కోవార్ 1996 నాటి తన థీసిస్‌కి ఆధారం చేసుకున్నారు. 1998లో రహూనెక్, బహుమూల్య తర్కంలోని ఎంవీ-ఆల్జీబ్రాలు ఈ సెమీగ్రూపుల్లో ఒక తరగతికి సమానమని చూపించారు. వాల్తేరులో రాసినదానికి ముప్పై ఏళ్ల తర్వాత తర్కశాస్త్రంలో పని పడింది. 1970లో ఎవరైనా ఆయన హెచ్-ఇండెక్స్ లెక్కపెట్టి ఉంటే ఏం దొరికేది?

ఇంకో రకం కూడా ఉంది. యు.ఎం. స్వామి, జి.సి. రావు 1981లో ఆస్ట్రేలియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' అనే భావన తెచ్చారు. తర్వాత దాని మీద వచ్చిన పనిలో చాలా భాగం ఆ పరంపరలోని తెలుగు గణితజ్ఞులదే. ఒక భావన చుట్టూ ఒక ప్రాంతంలో బడి పెరగడం కూడా ప్రభావమే. మీ సార్ లాటిస్ పేపర్ 17 సైటేషన్లు ఇలాంటివే అయితే, కమిటీ పివట్ టేబుల్ వేసి అన్నీ ఒకే ప్రాంతం నుంచి వచ్చాయని అనుమానపడకముందే మీరే ఆ మాట రాసేయండి.

ప్రశ్న అడిగినవారు: తార్నాక_డెస్క్

అందరికీ పేరుపేరునా థాంక్స్. మొదటి పేరా ఇలా రాశాను, చూడండి:

"మ్యాథ్‌సైనెట్ ప్రకారం 2004 నుంచి 18 పేపర్లు. స్కోపస్ ప్రకారం 17 పేపర్లు, 64 సైటేషన్లు. రచయిత, సహరచయితల సొంత సైటేషన్లు మినహాయిస్తే 47. గూగుల్ స్కాలర్‌లో 134, హెచ్-ఇండెక్స్ 6. ఇందులో థీసిస్‌లు, ప్రీప్రింట్ల నుంచి వచ్చినవి కూడా ఉన్నాయి. జాయింట్ పేపర్లలో పేర్లు గణితశాస్త్ర సంప్రదాయం ప్రకారం అక్షరక్రమంలో ఉన్నాయి. క్రమాన్ని బట్టి పని వాటాని నిర్ణయించరాదు."

జవాబు: రింగురోడ్డు

బాగుంది. రెండు సవరణలు. 'నిర్ణయించరాదు' అంటే కమిటీకి ఆజ్ఞ వేసినట్టుంది, 'క్రమం పని వాటాని సూచించదు' అనండి. రెండోది, స్కోపస్ ఆథర్ పేజీలో '64 సైటేషన్లు, ఇన్ని డాక్యుమెంట్ల నుంచి' అని రెండు అంకెలుంటాయి. ఒకే పేపర్ సార్‌వి రెండింటిని సైట్ చేస్తే సైటేషన్లు రెండు, డాక్యుమెంట్ ఒకటి. కమిటీలో ఎవరో ఒకరు పేజీ తెరిచి రెండో అంకె చూసి 'మీ లెక్క తప్పు' అంటారు. రెండూ రాసేయండి. అన్నట్టు మూడు చోట్లా ఏ తేదీన చూశారో వేయలేదు మీరు. ప్రొఫైళ్లు కలిపాక పేజీ మళ్లీ తెరిచి, అదే రోజు మూడింటికీ స్క్రీన్‌షాట్ తీసి, ఆ తేదీ వేయండి.